తొలి పది మీటర్ల ఎయిర్ రైఫిల్: బల్లార్షా నుంచి సిరోంచ దాకా, కొత్తగా మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

విడిభాగాలు తెప్పించుకుని సొంతంగా ఒక రైఫిల్ బిగించుకోవాలన్న కోరిక యంత్రాల మధ్య పెరిగిన కుర్రాళ్లలో చాలామందికి ఉంటుంది. తూర్పు మహారాష్ట్రలో బల్లార్షా కాగితపు మిల్లు చుట్టుపక్కల, చంద్రపూర్ బొగ్గు గనుల కాలనీల్లో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల్లో ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు కొల్లలు. వాళ్ల పిల్లలకు అలెన్ కీ పట్టుకోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ కోరికను తప్పు పట్టను. కానీ మన దేశంలో దానికి ఉన్న సరైన దారి ఒక్కటే, అది పది మీటర్ల ఎయిర్ రైఫిల్, అంటే గాలి ఒత్తిడితో పెల్లెట్ అనే చిన్న సీసపు గుండును వదిలి పది మీటర్ల అవతలి లక్ష్యాన్ని కొట్టే ఆట. ఈ మార్గదర్శి దాని గురించే.

ముందు చట్టం సంగతి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధం అంటే పూర్తి తుపాకీ మాత్రమే కాదు, దాని భాగాలు కూడా. లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం, మరమ్మతు చేయడం, రూపు మార్చడం నేరం. అనుమతి లేని తయారీకి 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. సరదాకు చేశానంటే ఏ న్యాయస్థానమూ వినదు. గడ్చిరోలి లాంటి జిల్లాలో దారి పొడవునా తనిఖీలు ఎందుకు ఉంటాయో ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎయిర్ రైఫిల్ విషయం వేరు. 2016 ఆయుధాల నియమావళి ప్రకారం గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. పోటీ రైఫిల్ నుంచి సుమారు అర గ్రాము బరువున్న పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో బయటికొస్తుంది. లెక్క వేస్తే ఎనిమిది జౌళ్లకు లోపే. స్ప్రింగు మార్చి, వాల్వు తిప్పి ఆ శక్తి పెంచుతామనేవారి మాట వినకండి. 20 జౌళ్ల గీత దాటిన క్షణం అది లైసెన్సు కావలసిన ఆయుధమైపోతుంది. పైగా శక్తి పెరిగినంత మాత్రాన పది మీటర్ల దగ్గర పాయింట్లు పెరగవు.

మరి ఇందులో బిగించడానికి ఏముందని అడగవచ్చు. చాలా ఉంది. మంచి పోటీ రైఫిల్‌లో బ్యారెల్, వాల్వు కర్మాగారంలోనే కుదిరి వస్తాయి, వాటి జోలికి మనం పోము. కానీ భుజానికి ఆనే బట్ ప్లేటు, చెంపకు తగిలే చీక్ పీసు, చేతి పట్టు, ట్రిగ్గర్ నాలుక, గురి చూసే ముందు వెనక సైట్లు, గాలి సిలిండర్ అన్నీ కదిలేవే, బిగించుకోవలసినవే. ఒకే రైఫిల్ ఇద్దరికి ఒకేలా కుదరదు. కొత్తవాళ్లు నెలల తరబడి పాయింట్లు పోగొట్టుకునేది ఈ అమరికలోనే. అందుకే ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

ఏది కొనాలి

వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్, స్టెయర్ అంతర్జాతీయ పోటీల్లో కనిపించే పేర్లు. మహారాష్ట్రలోనే తయారయ్యే ప్రెసీహోల్ రైఫిళ్లు వాటికన్నా చాలా తక్కువ ఖర్చులో వస్తాయి. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు తొలి ఏడాది అవి చాలు. నియమం ప్రకారం రైఫిల్ బరువు 5.5 కిలోలు మించకూడదు. అయితే ఆ బరువు పెద్దవాళ్లకు. పిల్లలకు తేలికైన జూనియర్ నమూనా తీసుకోవాలి. బరువైన రైఫిల్ మోయలేక నడుము వంకర తిప్పి నిలబడటం అలవాటైతే, దాన్ని మాన్పించడానికి కోచ్ పడే పాట్లు చూస్తే జాలేస్తుంది.

పాతది కొనేవారు ముందు సిలిండర్ మీద చెక్కిన తయారీ తేదీ చూడండి. చాలా కంపెనీల అల్యూమినియం సిలిండర్ల ఆయుష్షు తయారైన నాటి నుంచి పదేళ్లే. రైఫిల్ చవగ్గా వచ్చిందని సంతోషించి, ఆయుష్షు తీరిన సిలిండర్‌ను ముఖం పక్కన పెట్టుకుని కాల్చడం ప్రాణంతో చెలగాటం. కొత్త సిలిండర్ ఖరీదు కలుపుకుని బేరమాడండి. ఇక టెలిస్కోపు ఉన్న రైఫిల్ వైపు చూడనే వద్దు. ఈ పోటీలో దానికి అనుమతి లేదు.

గాలి నింపడం

సిలిండర్‌లో ఒత్తిడి సాధారణంగా 200 బార్ దాకా ఉంటుంది. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. ఈ తేడా ఒక్కటి మనసులో ఉంచుకుంటే చాలు, మిగతా జాగ్రత్తలు వాటంతటవే గుర్తొస్తాయి.

డైవింగ్ సిలిండర్ నుంచి నింపుకోవడం అన్నిటికన్నా సులువు. కానీ బల్లార్షాలోనో అహేరిలోనో డైవింగ్ దుకాణం ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి మనకు మిగిలేది చేతిపంపు, లేదా నలుగురైదుగురు కలిసి కొనుక్కునే చిన్న కంప్రెసర్. చేతిపంపుతో 200 బార్ దాకా ఎక్కించడానికి పెద్దవాళ్ల బలం కావాలి. మధ్యమధ్య పంపును చల్లారనివ్వాలి. తేమ పట్టే ఫిల్టర్ లేకుండా వానాకాలంలో పంపు కొట్టకండి, ఆ నీళ్లన్నీ సిలిండర్ లోపలికే పోతాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పట్టణాల్లో వీధికో వెల్డింగ్ షాపు ఉంది, ప్రతి షాపులోనూ ఆక్సిజన్ సిలిండర్ ఉంది. అదీ గాలే కదా అని ఎవరైనా సలహా ఇస్తే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. అంత ఒత్తిడిలో స్వచ్ఛమైన ఆక్సిజన్‌కు లోపలి గ్రీజు, నూనె జిడ్డు తగిలితే అగ్గిపుల్లతో పని లేకుండానే అంటుకుని పేలుతుంది. ఈ రైఫిల్‌లో నింపాల్సింది మనం పీల్చే మామూలు పొడి గాలి మాత్రమే. నింపే మూతి దగ్గర నూనె రాయకూడదనే నియమం కూడా ఇలాంటి ప్రమాదం వల్లే వచ్చింది.

రెండోది ఎండ. మే నెలలో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు దాటడం మామూలే. మూసిన కారు లోపల 60 డిగ్రీలకూ చేరుతుంది. పొద్దున్నే 30 డిగ్రీల వేడిలో 200 బార్ నింపిన సిలిండర్ 60 డిగ్రీల దగ్గర 220 బార్‌కు చేరుతుంది. కాబట్టి వేసవిలో 180 దగ్గరే ఆపండి. దాన్ని ఎప్పుడూ కారు డిక్కీలో వదిలేయకండి.

ఇంట్లో రేంజి

పది మీటర్లు అంటే కాల్చే గీత నుంచి లక్ష్యం ముఖం దాకా పది మీటర్లు. మనిషి నిలబడటానికి, వెనక గోడకూ కలిపి పన్నెండు మీటర్ల పొడవు కావాలి. కంపెనీ క్వార్టర్లలో అంత గది ఉండదు. వరండా, వసారా కలుపుకుంటే కుదురుతుంది. డాబా మీద కాల్చాలన్న ఆలోచన వద్దు. గురి తప్పిన పెల్లెట్ పక్కింటి డాబా మీదికి పోతుంది.

లక్ష్యం మధ్యబిందువు నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. రెండు చోట్లా నేల ఒకే మట్టంలో ఉందో లేదో మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చుకుని చూడండి. వరండాలు నీళ్లు పోవడానికి వాలుగా కడతారు. పది మీటర్లలో ఆ వాలు నాలుగైదు అంగుళాలు తేలినా ఆశ్చర్యపోనక్కర్లేదు. వాలు సంగతి తెలియక ఇంట్లో అలవాటైన గురి, పోటీ రోజున వేరే ఎత్తులో కనిపించి తికమక పెడుతుంది.

లక్ష్యం వెనక పెల్లెట్‌ను పట్టే పెట్టె ఉండాలి. లోపల మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకును కింది వైపు చూసేలా 45 డిగ్రీల వాలులో వెల్డు చేయిస్తే పెల్లెట్ చితికి అడుగున పడుతుంది. పెట్టె వెనక ఇటుక గోడ తప్పనిసరి. కాల్చే గీతకూ లక్ష్యానికీ మధ్య తెరుచుకునే తలుపు ఏదైనా ఉంటే దానికి లోపలి గడియ పెట్టించండి. పిల్లవాడు గురిలో మునిగిపోయినప్పుడు అమ్మమ్మ బిందె పట్టుకుని ఆ తలుపులోంచి రాకూడదు.

వెలుతురు విషయంలో పొదుపు పనికిరాదు. పోటీ రేంజిలో లక్ష్యం మీద కనీసం 1500 లక్స్ ఉంటుంది. కార్డు మీదికి పక్కనుంచి పడేలా రెండు ఎల్ఈడీ దీపాలు పెట్టి, వాటి వెలుగు కళ్లలో పడకుండా రేకు అడ్డం పెట్టండి. ఫోనులో లక్స్ కొలిచే యాప్ దొరుకుతుంది, ఉరామరి లెక్కకు అది చాలు.

పెల్లెట్లు సీసంతో చేస్తారు. ముట్టుకున్న చేతులతో తినకూడదు. రేంజిలో టీ తాగకూడదు. నేలను చీపురుతో ఊడ్చితే సీసపు ధూళి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, తడిగుడ్డతోనే తుడవాలి. పెట్టెలో చేరిన సీసాన్ని డబ్బాలో మూసి పాత ఇనుము కొనేవారికి ఇవ్వండి. వంటింటి చెత్తలో కలపకండి.

ఒంటికి అమర్చుకోవడం

ఇప్పుడు అసలు పని. పెల్లెట్లు పక్క గదిలో పెట్టండి. బ్యారెల్‌లోంచి రంగు దారం దూర్చండి. గొట్టం ఖాళీగా ఉందని అది దూరం నుంచే చెబుతుంది, పోటీల్లోనూ తప్పనిసరి. ప్రతి మరకూ ముందు ఉన్న స్థానాన్ని కాగితం మీద రాసుకోండి. అన్నీ ఒక్కసారి తిప్పేస్తే ఏది దేనికి కారణమో తెలియదు. ఒకటి మార్చడం, పది నిమిషాలు ఎత్తి చూడటం, తర్వాత ఇంకొకటి.

నిలుచునే తీరుతో మొదలుపెట్టండి. కుడిచేతి వాటం వారికి ఎడమ పక్క లక్ష్యం వైపు. పాదాలు భుజాల వెడల్పున. నడుము కొంచెం వెనక్కి, లక్ష్యానికి దూరంగా వాలుతుంది. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనుతుంది. ఆనకపోతే పొట్ట పక్కన ఎముక గట్టిగా తగిలే చోట ఉండాలి. రైఫిల్ బరువు మోచేతి ఎముక నుంచి తుంటికి, తుంటి నుంచి కాలికి దిగిపోవాలి. కండతో మోస్తే ఇరవై షాట్లకు వణుకు మొదలవుతుంది. ఎముకల మీద నిలబెడితే అరవై షాట్లూ నిలబడుతుంది.

ఆ భంగిమలో రైఫిల్ లేకుండా తల నిటారుగా పెట్టి ఎదుటికి చూడండి. ఇప్పుడు ఇంకొకరు రైఫిల్‌ను మీ ముఖం దగ్గరికి తేవాలి. తలను రైఫిల్ దగ్గరికి తీసుకెళ్లకండి, రైఫిలే తల దగ్గరికి రావాలి. కోచ్‌లు పదే పదే చెప్పేది ఈ మాటే. బట్ ప్లేటును కిందికి దించితే రైఫిల్ పైకి లేస్తుంది. కంటి ఎత్తుకు డయాప్టర్, అంటే వెనక సైటు, వచ్చేదాకా దించుతూ పోండి. కొత్తవాళ్లలో నూటికి తొంభై మంది దీన్ని చాలా ఎత్తులో ఉంచి, మెడ వంచి కాలుస్తుంటారు. మెడ వంగితే కన్ను కనుబొమల కిందనుంచి చూస్తుంది, చెవిలోని సమతూకం చెదురుతుంది, శరీరం ఊగుతుంది.

తర్వాత పొడవు. బట్ ప్లేటును భుజం గూట్లో ఆనించి చేతి పట్టు పట్టుకుంటే చూపుడు వేలి మొదటి కణుపు మెత్తదనం ట్రిగ్గర్ మీద సులువుగా పడాలి. మణికట్టు మెలి తిరగకూడదు. పొడవు ఎక్కువైతే భుజం ముందుకు లాగేసినట్టుంటుంది. తక్కువైతే డయాప్టర్ కంటికి మరీ దగ్గరవుతుంది. కంటికీ డయాప్టర్‌కూ మధ్య ఐదు నుంచి పది సెంటీమీటర్ల దూరం మొదట్లో బాగుంటుంది. డయాప్టర్‌ను రైఫిల్ పైనున్న పట్టీ మీద ముందుకో వెనక్కో జరిపి దీన్ని సరిచేయాలే తప్ప మెడను సాగదీయకూడదు.

చీక్ పీసు ఆఖరున. కళ్లు మూసుకోండి, తల బరువు మొత్తాన్ని దాని మీద వదిలేయండి, కళ్లు తెరవండి. డయాప్టర్ రంధ్రం, ముందు సైటు గొట్టం ఒకదానిలో ఒకటి నడిమధ్యగా కనిపించాలి. ముందు గొట్టం పైకి జరిగి కనిపిస్తే కన్ను ఎక్కువ ఎత్తులో ఉంది, చీక్ పీసు దించాలి. కిందికి జారి కనిపిస్తే ఎత్తాలి. పక్కకు జరిగితే చీక్ పీసు పక్కమరతో సరిచేయాలి. ఇలా పదిసార్లు కళ్లు మూసి తెరిచినా పదిసార్లూ నడిమధ్యనే కనిపించేదాకా వదలకండి. ఈ ఒక్క పనికి ఒక సాయంత్రం మొత్తం ఇచ్చినా తక్కువే.

అన్నీ కుదిరాక పెన్సిలుతో ప్రతి కదిలే భాగం అంచున సన్నని గీత గీయండి. ప్రయాణంలో ఏదైనా జరిగితే ఆ గీతే చెబుతుంది. మరలు బిగించేటప్పుడు తయారీదారు పుస్తకంలో ఎంత బిగువు రాస్తే అంతే. మిల్లు పనిలో చేయి తిరిగినవారికి చిన్న అలెన్ మరను అతిగా తిప్పి అరగదీయడం చాలా సులువు.

ట్రిగ్గర్ జోలికి తొలి నెలల్లో పోకండి. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్‌కు కనీసం 500 గ్రాముల బరువు నియమం ఉంది, ఎయిర్ రైఫిల్‌కు అలాంటిది లేదు. అందుకే కొందరు దాన్ని ఊదితే పేలేంత తేలిక చేసుకుంటారు. కొత్తవాళ్లకు అది ప్రమాదం. మొదటి దశ ఖాళీ నొక్కు, రెండో దశ దగ్గర ఒక చిన్న గోడ తగిలినట్టు ఆగడం, ఆ తర్వాత వదలడం వేలికి స్పష్టంగా తెలియాలి.

సైట్లు, జీరో

లక్ష్యంలోని నల్లని వృత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. పది మీటర్ల అవతల ఉన్న అది ముందు సైటు దగ్గర రెండున్నర మిల్లీమీటర్ల చుక్కలా కనిపిస్తుంది. దాని చుట్టూ ధారాళంగా తెల్లని వలయం మిగలాలి. ముందు సైటులో పెట్టే రింగును 3.8 లేదా 4 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. ఇరుకు రింగు పెడితే గురి కచ్చితంగా ఉందన్న భ్రమ కలుగుతుంది. కానీ కన్ను త్వరగా అలిసిపోయి, వలయం ఒక పక్కకు ఒరిగిందని గుర్తించలేదు.

జీరో చేయడం అంటే గురి పెట్టిన చోటే పెల్లెట్ పడేలా డయాప్టర్ మరలు సరిచేయడం. మొదట ఐదు పెల్లెట్లు కాల్చండి, ఒక్కదాన్ని చూసి మర తిప్పకండి. ఐదూ కలిసి ఎక్కడ గుమిగూడాయో, ఆ గుంపు నడిమి చూసి తిప్పండి. జర్మన్ సైట్ల మీద ఉండే అక్షరాలు చాలామందిని తికమక పెడతాయి. అక్కడ ఆర్ గుర్తు అంటే పెల్లెట్ కుడివైపు పడితే ఇటు తిప్పమని అర్థం, హెచ్ అంటే పైన పడితే ఇటు తిప్పమని. అనుమానం ఉంటే పది క్లిక్కులు ఒకవైపు తిప్పి ఐదు కాల్చి, గుంపు ఎటు, ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో స్కేలుతో కొలవండి. ఆ లెక్క కార్డు వెనక రాసి రైఫిల్ పెట్టెలో అంటించుకుంటే ఎప్పటికీ పనికొస్తుంది.

పదో వలయం అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ అంచు ఆ చుక్కను తాకినా పది పాయింట్లే. అంటే పెల్లెట్ కేంద్రం నడిబిందువు నుంచి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. వినడానికి అసాధ్యంగా ఉన్నా, బల్ల మీద ఇసుక మూటకు ఆనించి కాల్చినప్పుడు మంచి రైఫిల్, దానికి నప్పిన పెల్లెట్ ఒకే రంధ్రాన్ని కొంచెం పెద్దది చేస్తాయి తప్ప రెండోది పొడవవు. చదును తల ఉన్న పోటీ పెల్లెట్లే వాడండి. ఆర్‌డబ్ల్యూఎస్, హెచ్ అండ్ ఎన్ డబ్బాల మీద తల కొలత 4.49, 4.50 అని రాసి ఉంటుంది. రెండూ ఒక్కో డబ్బా తెప్పించి, మూటకు ఆనించి ఐదేసి కాల్చి, గుంపు చిన్నదిగా వచ్చినదానికే అంటిపెట్టుకోండి.

మూట మీద కుదిరింది నిలబడితే కుదరదేమని బెంగపడకండి. నిలబడ్డాక కళ్లు మూసుకుని రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, తెరిచి చూడండి. గురి లక్ష్యానికి కుడి పక్కన ఉంటే చేతులతో లాగవద్దు, పాదాలు కొద్దిగా జరపండి. మళ్లీ మూసి, మళ్లీ చూడండి. శరీరం తనంత తానుగా లక్ష్యం వైపు నిలిచేదాకా పెల్లెట్ వేయకూడదు. రోజుకు అరగంట పెల్లెట్ లేకుండా, రైఫిల్‌ను డ్రై ఫైర్ (గాలి వదలకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే) మీటలో పెట్టి తెల్లగోడ మీద చేసే సాధనకు పైసా ఖర్చు లేదు, కరెంటు పోయినా ఆగదు.

జాకెట్టు, ప్యాంటు తొలి మూడు నెలలు కొనకండి. చివరికి కొనేటప్పుడు ఒక్క పొర మందం 2.5 మిల్లీమీటర్లు మించకూడదన్న నియమం గుర్తుంచుకుని, పెరిగే పిల్లలకు సరిపడేలా కొంచెం వదులు వదిలి కుట్టించండి.

వానాకాలం, అడవి, ప్రయాణం

ప్రాణహిత ఒడ్డున సిరోంచలో జులై నుంచి తోలు మీద బూజు, ఇనుము మీద తుప్పు ఒకేసారి వస్తాయి. కాల్చిన ప్రతిసారీ బయటి లోహాన్ని నూనె అద్దిన గుడ్డతో తుడవండి. పెట్టెలో సిలికా జెల్ సంచులు పెట్టి నెలకోసారి వేడిచేసి ఆరబెట్టండి. బ్యారెల్ లోపల మాత్రం నూనె పోయవద్దు, ఫెల్ట్ ముక్కలు కాల్చి శుభ్రం చేస్తే సరిపోతుంది.

అడవి అంచున ఉన్న ఊళ్లలో పిట్టలను కొట్టడానికి ఎయిర్ గన్ వాడే అలవాటు ఇంకా పోలేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వేట నేరం. తాడోబా లాంటి రక్షిత అడవిలోకి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగుపెట్టడమే నేరం. ఇది కాగితం మీది లక్ష్యాన్ని కొట్టే ఆట. దాన్ని ప్రాణమున్న దేని మీదికీ తిప్పేవాడికి రైఫిల్ ఇవ్వకూడదు, అతను మన మేనల్లుడైనా సరే.

రైల్లోనో బస్సులోనో తీసుకెళ్లేటప్పుడు తాళం వేసిన పెట్టెలో, సిలిండర్ ఖాళీ చేసి, కొన్న రసీదు, గుర్తింపు కార్డు, పోటీకి వెళ్తుంటే ప్రవేశపత్రం నకలు పైనే పెట్టుకోండి. దారిలో ఆపితే పెట్టె మీరుగా తెరవకండి. రైఫిల్ ఉందని ముందు నోటితో చెప్పి, వాళ్లు తెరవమన్నాకే తెరవండి.

తొలి పోటీ

మహారాష్ట్రలో పాఠశాల క్రీడల్లో షూటింగ్ ఉంది. జిల్లా క్రీడాధికారి కార్యాలయం ద్వారా పేరు ఇవ్వాలి. జిల్లా నుంచి విభాగం, అక్కడి నుంచి రాష్ట్రం. చంద్రపూర్, గడ్చిరోలి రెండూ నాగ్‌పూర్ విభాగం కిందే వస్తాయి. ఓపెన్ సైట్ (డయాప్టర్ లేనిది), పీప్ సైట్ (డయాప్టర్ ఉన్నది) వేర్వేరు పోటీలు. డయాప్టర్ కొనే స్తోమత లేని కుటుంబం పిల్లలు ఓపెన్ సైట్‌తోనే మొదలుపెట్టవచ్చు, దానికి చిన్నతనమేమీ లేదు. పెద్దవాళ్లకు జాతీయ స్థాయికి దారి మావలంకర్ పోటీల మీదుగా సాగుతుంది. 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి తొలి అధ్యక్షుడు జి.వి. మావలంకరే. రేంజి అలవాటు కావాలంటే పుణె బాలేవాడీ రేంజి కన్నా హైదరాబాద్ మనకు దగ్గర. బల్లార్షాలో రైలెక్కితే కాజీపేట మీదుగా సికింద్రాబాద్ చేరవచ్చు. 2012 లండన్ ఒలింపిక్స్ కాంస్య విజేత గగన్ నారంగ్ ఎదిగింది ఆ నగరంలోనే. ఇటు మహారాష్ట్ర నుంచి 2022 ప్రపంచ విజేత రుద్రాంక్ష్ పాటిల్, 2024 పారిస్ కాంస్య విజేత కొల్హాపూర్ స్వప్నిల్ కుసాలే ఉన్నారు. రెండు వైపులా అండ ఉన్న చోట మన పిల్లలు పుట్టారు.

పెద్దల అర్హత పోటీలో అరవై షాట్లు, గంటా పదిహేను నిమిషాలు. దానికి ముందు పదిహేను నిమిషాలు సిద్ధమవడానికి, జీరో చూసుకోవడానికి. ఇక్కడ పది పాయింట్ల లోపలి దగ్గరతనాన్నీ దశాంశాల్లో లెక్కిస్తారు కాబట్టి ఒక్కో షాట్‌కు గరిష్ఠంగా 10.9 చొప్పున మొత్తం 654. ఇంట్లో సాధన చేసేటప్పుడు గడియారం ఎదురుగా పెట్టుకుని, ఒక్కో షాట్‌కు నిమిషం పైచిలుకు ఇస్తూ, గురి ఎనిమిది సెకన్లలో కుదరకపోతే రైఫిల్ దించేసి మళ్లీ ఎత్తడం అలవాటు చేసుకోండి. దించిన షాట్‌కు పాయింటు పోదు.